మేజర్ సాబ్ వీపు మీద మా అవ్వ

ఆకాశం నుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నవాళ్లుంటారు. గాలి మళ్లి తుమ్మచెట్టుకు వేలాడినవాళ్లుంటారు. కానీ నేలమీద నిలబడే, ఒక్క జానెడు కూడా ఎగరకుండానే, బయల్దేరిన విమానాన్ని ఆపి, ఊరంతటి ముందు పరువు పోగొట్టుకుని, ఫౌజులో ఎన్ని యుద్ధాలు చూశాడో తెలియని ఒక పెద్దమనిషిని చావు గడపదాకా తీసుకుపోయి మళ్లీ వెనక్కి తెచ్చినవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడాలనుంటే ఇటు చూడండి. పేరు మల్లేశం. ఊరు మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్. అప్పట్లో ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు. టెస్టింగు అంటే, నవ్వకండి, పక్కవాళ్లు చేసిన తప్పులు పట్టుకోవడం.

అవి మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులు. కంప్యూటర్‌ను ముట్టుకున్నవాడికల్లా ఉద్యోగం, ఉద్యోగం దొరికినవాడికల్లా ఒక కొత్త రోగం. మా ఆఫీసులో ఒకడికి గిటారు పట్టుకుంది, ఇంకొకడికి గుర్రపుస్వారీ. నాకు ఆకాశం పట్టుకుంది. చేవెళ్ల అవతల, ఆలూరు దగ్గర ఒక ఆసామి తన భూమిలో పొడుగ్గా రన్‌వే చదును చేయించి ఉంచాడు. చలికాలంలో అక్కడ పారాషూట్ శిబిరం నడిచేది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. నేను పట్టిన కుందేటికి అసలు కాళ్లే లేవు, అన్నీ రెక్కలే.

ఈ మాట మనసులో ఉంచుకుంటే సరిపోయేది. ఒక విందులో మా ఐలయ్య బావ ముందు నోరు జారాను. ఐలయ్య బావ మొయినాబాద్, చేవెళ్ల మధ్య షేర్ ఆటో నడిపేవాడు. ఆయన చెవిలో పడ్డ మాట పొద్దుగూకేలోపు రెండు మండలాలు తిరిగి వచ్చేది.

"నువ్వా? మొగులు మీదికెళ్లి దుంకుతవా? బాయి మెట్లు దిగనీకె అవ్వ కొంగు పట్టుకున్నోనివి!" అన్నాడు, మటన్ బొక్క చప్పరిస్తూ.

"వచ్చే ఆదివారం దుంకుత. వచ్చి చూస్కో బావా."

"నేనొక్కన్నే వస్తె ఏం మజా ఉంటది? ఊరంత తోల్కొస్త."

"తోల్కరా!"

రోషానికి పోయి అన్న ఆ ఒక్క మాటతో నా వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది. ఇక దూకాల్సిందే. దూకకపోతే ఊళ్లో జుట్టు కత్తిరించే మనిషి దగ్గర్నుంచి సర్పంచి దాకా అందరూ నా కాళ్లవైపు చూసి నవ్వుతారు.

శిబిరంలో పెద్ద మేజర్ సాబ్. పరిగి వైపు పుట్టి ఫౌజులో పెరిగిన మనిషి. తర్వాత చెప్పుకోవాల్సింది సుజాతక్క. పారాషూట్లు మడిచి సంచుల్లో సర్దేది ఆమే. ఆమె మడిచిన గుడ్డ మీద ఈగ వాలినా ఈగను పేరు అడిగేది. మిగతావాళ్లంతా ఏళ్ల తరబడి దూకుతున్న పాతకాపులు. వాళ్లను చూసి నేను ఆశ్చర్యపోయాను. గుండెలు తీసిన బంట్లనుకుంటే, ఒక్కొక్కడూ పెళ్లికూతురి తండ్రిలా అడుగడుగునా అనుమానపడేవాడు. ఒకడు తన పట్టీలు చూసుకున్నాక మళ్లీ చూసుకునేవాడు. ఒకడు తన సంచిని ఎవరైనా దాటితే మొదటినుంచి విప్పి చూసేవాడు. ఇంకొకడు చిన్న మబ్బు కనబడితే చాలు, "ఇయ్యాల వద్దులే, చాయ్ తాగుదాం" అనేవాడు.

"సార్, గింత భయమేంది వీళ్లకు?" అని మేజర్ సాబ్‌ను అడిగాను.

"ధైర్యం ఇంట్ల పెట్టి రా బేటా. ఈడ పనికొచ్చేది అనుమానం. చెప్పు, నీ వీపు నీకు కనబడుతదా?"

"కనబడది సార్."

"నా వీపు నాకు కనబడుతదా?"

"మీకు గూడ కనబడది సార్."

"మరి ఎవలు చూడాలె?"

"ఎనక నిలబడ్డోడు సార్."

"శాబాష్. ఎనక నిలబడ్డోడు అత్తగారనుకో. వంకలు ఏరాలె. మేజర్ అని మొఖమాటపడొద్దు."

వీపు మీద సంచిలో రెండు గొడుగులుంటాయని చెప్పారు. మొదటిది తెరుచుకుంటే సంతోషం. తెరుచుకోకపోతే రెండోదాని పిడి గుంజాలి. గుంజగానే సంచి మూతకున్న ఇనుప పిన్ను జారిపోవాలి, గొడుగు బయటికి రావాలి. అది కూడా రాకపోతే? మూడోది లేదు. ఇంతవరకు శ్రద్ధగా విన్నాను. సరిగ్గా ఆ రెండో గొడుగు మీద సుజాతక్క అసలు పాఠం మొదలుపెట్టే వేళకు నా జేబులో ఫోను మోగింది. ఆఫీసులో ఏదో కూలిపోయిందట, దాన్ని కూల్చింది నేను కాదని నేనే నిరూపించాలట. బయటికి పోయి ఆ నిరూపణ పూర్తి చేసి వచ్చేసరికి పాఠం అయిపోయి అందరూ ఉప్మా తింటున్నారు. "ఏం చెప్పింది అక్క?" అని అడగడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంత పని చేసిందో చూద్దురుగాని.

దూకే ముందురోజు ఇంటికి పోయాను. అవ్వ మొహం ముడుచుకుని కూర్చుంది. అవ్వ అంటే నానమ్మ అనుకునేరు, మా దగ్గర అవ్వ అంటే అమ్మే.

"బండి కొన్ననాడు ఏం చేసినంరా?"

"పూజ చేసినం."

"ట్రాక్టర్ తెచ్చిననాడు?"

"గప్పుడు గూడ పూజనే."

"నేలమీద తిరిగేటివాటికే గంత చేస్తిమి. మొగులుల తిరిగేదానికి ఏం చెయ్యకుంట ఎట్ల పోతవ్రా?"

"అవ్వా, గది బండి కాదు. సంచి."

"సంచైతేంది? నీ పానం అండ్లనే ఉంటది గద!"

ఇంజనీరింగు చదివిన చెయ్యి చాపాను. అవ్వ పోచమ్మ దగ్గర పెట్టిన పసుపు దారం, కుంకుమ పొట్లం, రెండు నిమ్మకాయలు నా చేతిలో పెట్టింది.

"సంచికి కట్టు. ఏడు ముడులెయ్యి, గట్టిగ. ఎవ్వలకు చూపెట్టకు. దుంకేదాక ఇప్పకు. నా మీద ఒట్టు!"

బాపు, అంటే నాన్న, గోడకానుకుని కొత్తిమీర కట్టలు కడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "దుంకితె దుంకు గని, మన టమాట చేన్ల పడకురా. కాయ కోతకొచ్చింది."

ఆదివారం పొద్దున అందరూ చాయ్ దగ్గర ఉన్నప్పుడు నేను మెల్లగా సంచులుంచిన షెడ్డులోకి దూరాను. కరెంటు లేదు. కిటికీలు మూసి ఉన్నాయి. వరసగా అన్నీ నీలం సంచులే. గోడ పక్కది నాదని నిన్న సుజాతక్క చూపించింది కాబట్టి గోడ పక్కదాని ముందే కూర్చున్నాను. దారం ఎక్కడ కట్టాలా అని తడుముతూ వెనకవైపున్న మూత ఎత్తాను. ఎత్తి, నోరు తెరిచాను.

లోపల ఇనుప పిన్నుకు సన్నని ఎర్ర దారం కట్టి ఉంది. దారానికి చిన్న సీసం బిళ్ల.

తాయెత్తు!

ఓహో, పొద్దస్తమానం గాలి, వేగం, బరువు అని సైన్సు చెప్పే వీళ్లు దొంగచాటుగా తాయెత్తు కట్టుకుంటున్నారన్నమాట! నాకు వాళ్లమీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది. మా అవ్వ తప్పేం లేదని తేలిపోయింది. అయితే మా వైపు ఒక నియమం ఉంది. కొత్త తాయెత్తు కట్టాలంటే పాతది తీసెయ్యాలి. రెండూ ఒక్కచోట ఉంటే తోడికోడళ్లలా కొట్లాడుకుంటాయి. అందుకని తాళంచెవికున్న గోళ్ల కత్తెరతో ఆ ఎర్ర దారాన్ని కత్తిరించాను. పాత తాయెత్తు తొక్కుళ్లలో పడకూడదు, పారే నీళ్లలో వెయ్యాలి. భద్రంగా జేబులో వేసుకున్నాను. అవ్వ ఇచ్చిన పసుపు దారాన్ని ఆ పిన్నుకే చుట్టి, కోడెదూడను గుంజకు కట్టినట్టు ఏడు ముడులు బిగించాను. కుంకుమ పెట్టాను. ఇక నిమ్మకాయలు. బండికైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. సంచికి చక్రాలేవి? సంచి కిందనే పెట్టి మోకాలితో ఒక్క నొక్కు నొక్కాను. రసం చిమ్మింది. శుభం అనుకున్నాను.

కాసేపటికి ఎవరి సంచి వాళ్లకు తగిలించారు. ఇక నా పాట్లు మొదలయ్యాయి. అవ్వ ఒట్టు ప్రకారం దారం ఎవరికీ కనబడకూడదు. కాబట్టి నా వీపు ఎవరికీ కనబడకూడదు. పెళ్లి వీడియో తీసేవాడిలా వెనక్కి వెనక్కి నడుస్తూ, అందరివైపూ మొహం పెట్టి తిరుగుతున్నాను.

"మల్లేశం, ఎనక్కి తిరుగు," అంది సుజాతక్క.

"ఎందుకక్కా?"

"చూడాలె."

"నేను చూస్కున్న అక్కా. అంత మంచిగున్నది."

"నీ వీపు నువ్వు చూస్కున్నవా? నీదేమన్న గుడ్లగూబ మెడనా? నకరాలు చెయ్యకు, తిరుగు!"

భుజం పట్టి తిప్పేసింది. మూత ఎత్తిన చప్పుడు వినబడింది. నేను కళ్లు మూసుకుని పోచమ్మను తలచుకున్నాను. అయిపోయింది, ఇంటికి పొమ్మంటుంది.

"మంచిగున్నది. పో," అంది.

"ఏం లేదా అక్కా?"

"ఏముండాలె?"

"ఏం లేదు... ఊకెనే అడిగిన."

నాకు ఒళ్లు జలదరించింది. ఏడు ముడుల పసుపు దారం ఆమె కళ్లకు కనబడలేదు! పోచమ్మ మాయం చేసింది! అప్పటిదాకా కొంచెం కొంచెంగా ఉన్న భక్తి ఆ క్షణంలో గండిపేట చెరువులా నిండింది.

ఈలోగా కంచె అవతల హిమాయత్‌నగర్ దిగింది. ముందు ఐలయ్య బావ ఆటో, దాని వెనక ఇంకో మూడు. ముందు సీట్లో డ్రైవర్‌కు అటూ ఇటూ మనుషులు, వెనక ఒళ్లో పిల్లలు, పైన డప్పు. అవ్వ చేతిలో హారతి పళ్లెం. బాపు పొలం గట్టు మీద నిలబడి, మా టమాట చేను ఎటువైపుందో లెక్క చూసుకుంటున్నాడు. నా గుండె ఉబ్బింది. ఇవాళ ఏమైనా సరే, భూమి బద్దలైనా సరే, దూకి తీరతాను.

విమానం పంఖా తిరుగుతోంది. అందరికీ ఒకే నీలం బట్టలు, ఒకే తెల్ల టోపీలు, మొహం సగం కప్పే కళ్లద్దాలు. ఎక్కేముందు వరసలో నిలబడి ముందువాడి వీపు వెనకవాడు చూడాలి. అంతా సరిగా ఉంటే భుజం తట్టాలి. "కొత్తోడు నా ఎనకనే ఉండాలె" అని మేజర్ సాబ్ నన్ను తన వెనక నిలబెట్టుకున్నాడు.

"ఊఁ, చూడు అత్తగారూ!" అన్నాడు నవ్వుతూ.

మూత ఎత్తాను.

పసుపు దారం. ఏడు ముడులు. కుంకుమ. పక్కన అతుక్కుని ఒక నిమ్మగింజ.

తన సంచి ఆయన ఆ పొద్దున గోడ పక్కన పెట్టుకున్నాడని, నాది ఇంకోచోటికి జరిగిందని నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే: గుంజితే జారిపోవాల్సిన పిన్నును నేను జారకుండా కట్టేశాను. ఆ తెలివి షెడ్డులో ఏమైందని అడక్కండి. పక్కవాడి వీపు మీద ఉంటేనే తప్పు కనబడటం టెస్టింగువాళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందంటారు. మల్లేశం మొక్కు మేజరు చావుకొచ్చింది.

నిజం చెప్తాను, తిట్టుకోకండి. నా చెయ్యి ఆయన భుజం దాకా పోయింది. తడితే చాలు. మొదటి గొడుగే తెరుచుకుంటుంది, రెండోదాని అవసరమే రాదు, నేను దూకుతాను, డప్పు మోగుతుంది, బావ నోరు మూతపడుతుంది. అటు చూస్తే ఊరు ఊరంతా చేతులూపుతోంది. ఇటు చూస్తే ఆ మనిషి నన్ను నమ్మి వీపు అప్పగించి నిలబడ్డాడు. అవసరం వస్తే? గాల్లో పిడి గుంజి, మా అవ్వ దారం గట్టితనం ఆయన తెలుసుకుంటే?

"సార్!"

"ఓకేనా?"

"కాదు సార్! మీ వీపు మీద మా అవ్వ ఉన్నది సార్!"

"ఎవలున్నరు?" పంఖా హోరులో ఆయనకు సగమే వినబడుతోంది.

"మా అవ్వ సార్! పోచమ్మ సార్! ఏడు ముడులు సార్!"

"అరె, భయంతోని వీని దిమాక్ ఖరాబైంది. జర పక్కకు తీస్కపోండ్రి," అని ఆయన విమానం మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పటిదాకా దూకాలని ఉన్న పట్టుదలంతా ఆయన్ను దూకనివ్వకూడదనే వైపు తిరిగింది. ఒక్క గంతులో పోయి ఆయన రెండో కాలు పట్టుకుని నేలమీద కూలబడ్డాను. ఇద్దరు నా చేతులు గుంజారు. ఒకడు నడుం పట్టి లాగాడు. వదల్లేదు. "నన్ను సంపుర్రి సార్! గని మీరు ఎక్కకుర్రి! నేను ఇడువ! పానం పోయినా ఇడువ!" అని గుండెలు పగిలేలా అరిచాను.

కంచె దగ్గర ఐలయ్య బావ ఈ దృశ్యాన్ని ఊరికి వివరించిన తీరు తర్వాత మా బాపు చెప్పాడు: "చూసిండ్రా, ఎవడో పిరికోడు, భయానికి కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నడు. మనోడు చూడుండ్రి, మెట్టు మీద ఎట్ల సీదా నిలబడ్డడో! మల్లేశమంటె మల్లేశమే!"

విమానం ఆపారు. సుజాతక్క పరుగెత్తుకొచ్చి మేజర్ సాబ్ వీపు మూత ఎత్తింది. ఎత్తి పిన్ను చుట్టూ వేలితో వెతికింది.

"నా సీలేది?" అంది.

"సీలేందక్కా?"

"ఎర్ర దారం. సీసం బిళ్ల. రెండో గొడుగు నేను మడిచిన, అటెన్క ఎవ్వలు ముట్టలే అని గుర్తు. పిడి గుంజితె పుటుక్కున తెగాలెనని సన్న దారం కడుత. ఏది?"

నేను జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాను. "గిదేనా అక్కా? తాయత్తనుకున్న."

ఆమె సంచి దగ్గర వాసన చూసింది. "గీ నిమ్మకాయ వాసనేంది?"

"దిష్టికక్కా."

"నైలాను గుడ్డకు పులుపు తాకితె పాడైతదని తెల్వదా నీకు? ఇగ దీన్ని మొత్తం ఇప్పాలె, ప్రతి కుట్టు చూడాలె! ఓరి దేవుడా!" అని తల పట్టుకుని గడ్డిలో కూర్చుంది. పాతకాపుల్లో ఒకడు నవ్వబోయి, ఆమె మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

మేజర్ సాబ్ ఆ ఏడు ముడులను వేలితో తడిమి చూశాడు. ఒక్కటి కూడా కదల్లేదు. చెంప పగులుతుందని నేను కళ్లు మూసుకున్నాను.

"గీ దారం నీదే అని ఎవ్వలకు తెల్వది. భుజం తట్టి ఊకుంటె నువ్వు దుంకెటోనివి. ఎందుకు చెప్పినవ్?"

"మీ వీపు మీకు కనబడది గద సార్," అన్నాను. అనగానే ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఇయ్యాల నువ్వు దుంకవు. షెడ్డుల కూసో," అన్నాడు. వేరే సంచి తెప్పించి తగిలించుకున్నాడు. సుజాతక్క చూసింది. ఆయన మళ్లీ నా వైపు వీపు తిప్పి, "నువ్వు గూడ చూడు," అన్నాడు. మూత ఎత్తాను. ఎర్ర దారం, సీసం బిళ్ల ఉన్నాయి. భుజం తట్టాను. ఆయన వెనక్కి చూడకుండా పోయి విమానం ఎక్కాడు.

షెడ్డు కిటికీ తెరుచుకుని చూస్తున్నాను. కాసేపటికి ఆకాశంలో మొదటి గొడుగు విచ్చుకుంది. కంచె అవతల డప్పు అందుకుంది. "మల్లేశం! మల్లేశం!" అని ఊరు ఊరంతా అరుస్తోంది. గొడుగు దిగీదిగగానే కంచె తోసుకుని పరుగెత్తారు. "ఆగుండ్రి! గది నేను కాదు!" అని నేను కిటికీలోంచి అరిచిన అరుపు డప్పులో కలిసిపోయింది. ఐలయ్య బావ మేజర్ సాబ్‌ను అమాంతం భుజాల మీదికి ఎత్తేశాడు. "మాఫ్ చెయ్యిరా బామ్మర్ది, నిన్ను శాన మాటలన్న!" అని మెడలో బంతిపూల దండ వేయించాడు. ఫౌజులో శత్రువుకు కూడా చిక్కని మనిషి మా ఊరికి చిక్కి, పూలదండలో నోరు కూరుకుపోయి, ఒక్క మాట అనలేకపోయాడు.

కిందికి దించాక అవ్వ హారతి పట్టింది. దిష్టి తీసింది. కొడుకు మొహం చూసుకుందామని స్వయంగా మొహం మీది దండ కిందికి జరిపింది, కళ్లద్దాలు తీసింది, టోపీ తీసింది. తీసి, ఆ మొహం మీదున్న పెద్ద తెల్ల మీసాలను చూసి గుండె బాదుకుంది.

"అయ్యో కొడుకా! పొద్దుగాల నల్లగుండె గద మీసం! గంత భయమైందారా?"

డప్పు ఆగిపోయింది. మేజర్ సాబ్ మెడలో దండ తీసి, చేతులు జోడించాడు. "అవ్వా, నేను నీ కొడుకును కాను. నీ కొడుకు ఇయ్యాల దుంకలే. షెడ్డుల ఉన్నడు. గని పొద్దుగాల నా పానం కాపాడింది ఆయననే." అంటూ, కట్టిన సంగతీ విప్పిన సంగతీ అన్నీ చెప్పాడు. ఐలయ్య బావ మొహం చూడాల్సింది. తను పిరికివాడని ఊరికి చూపించింది ఎవర్నో అప్పుడు తెలిసింది ఆయనకు.

అవ్వ అంతా విన్నది. మెల్లగా ఆమె మొహం విప్పారింది.

"అయితె సారూ, మా పోచమ్మ దారం మీకు కట్టంగనే మీ గండం తప్పిపోయిందన్నట్టు!"

మేజర్ సాబ్ తల వంచాడు. అవ్వ ఆయన నుదుట బొట్టు పెట్టింది.

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం సుజాతక్క పక్కన కూర్చుని గుడ్డ మడతలు నేర్చుకున్నాను. మొదట సంచి ముట్టుకోనివ్వలేదు. పట్టు వదల్లేదు. చివరికి దూకాను కూడా. ఊరికి చెప్పలేదు, దిగాకే ఫోను చేశాను. గాలి తోసుకుపోతే ఎక్కడ దిగానని బాపు అడిగాడు. ఆ వివరం ఇక్కడ వద్దు, టమాటాలు ఆయనవి.

కనుక దీన్ని చదివే పెద్దలందరి సాక్షిగా, పంచభూతాల్లో ముఖ్యంగా గాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నేనింక ముడి వెయ్యను. దేనికీ వెయ్యను, ఎవరికీ వెయ్యను. పెళ్లినాడు వేసిన మూడు ముళ్లే ఆఖరివి. అవి కూడా, పురోహితుడు ఎంత తొందరపెట్టినా వినకుండా, పెళ్లికూతురి వెనక నిలబడ్డ సుజాతక్క వంగి చూసి, నా భుజం తట్టాకే వదిలాను.